హరనాథపురం సెల్‌టవర్ రేడియేషన్ కొలత: మీటర్లు, లెక్కలు, ఖర్చు (ప్రాజెక్టు డైరీ)

టవర్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఇందులో తక్కువ. ఏ కేబుల్ ఎంత సిగ్నల్ తినేసింది, ఏ అంకెను ఎందుకు కొట్టేశాను అన్న గోల ఎక్కువ. మీ వీధిలో కూడా ఇలా కొలవాలనుకుంటే నేరుగా కాపీ కొట్టుకోవచ్చు.

స్థలం: నెల్లూరు హరనాథపురంలో ఒక మూడంతస్తుల మిద్దె. దాని మీద పోల్స్, పోల్స్‌కు రెండు కంపెనీల యాంటెన్నాలు. ఎదురుగా మా అపార్ట్‌మెంట్. మధ్య దూరం టేపుతో రోడ్డుమీద కొలిస్తే సుమారు 45 మీటర్లు. మా మిద్దెమీద నిలబడితే యాంటెన్నాలు దాదాపు కళ్ళ ఎత్తులో ఉంటాయి. అసోసియేషన్ మీటింగులో తీసేయించాలని ఒక వర్గం, ఏం కాదులే అని ఇంకో వర్గం. రెండు వర్గాల దగ్గరా అంకె లేదు.

దశ 1: దేనితో పోల్చాలి

మీటరు కొనేముందు పరిమితి లెక్క రాసి పెట్టుకోవాలి. లేకపోతే తెరమీద కనిపించే ప్రతి అంకె భయపెడుతుంది.

ఈ తరంగాల భద్రతకు పరిమితులు సూచించే అంతర్జాతీయ సంస్థ ఇక్నిర్ప్ (ICNIRP) 1998లో ఇచ్చిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు. మన టెలికాం శాఖ 2008లో దాన్నే తీసుకుని, 2012 సెప్టెంబరు 1 నుంచి పదోవంతుకు తగ్గించింది. ఈ డైరీలో పోలికలన్నీ ఆ 2012 లెక్కతోనే.

1. 400 నుంచి 2000 మెగాహెర్ట్జ్ దాకా: ఫ్రీక్వెన్సీని 2000తో భాగించండి. వచ్చింది చదరపు మీటరుకు వాట్లు.
2. 2000 దాటితే: 1 వాటు.
3. ఆరు నిమిషాల సగటు తీసుకోండి. ఒక్క క్షణం ఎగిరిన అంకెను పరిమితితో పోల్చకూడదు.

చదరపు మీటరుకు మిల్లీవాట్లు అని ప్రతిసారీ రాయడం కష్టం కాబట్టి ఇకమీదట 'మి.వా.' అంటే అదే. 900 మెగాహెర్ట్జ్ పరిమితి 450 మి.వా.

చాలామంది తడబడేది యూనిట్ల దగ్గరే. కొన్ని మీటర్లు చదరపు సెంటీమీటరుకు మైక్రోవాట్లలో చూపిస్తాయి. అందులో 1 అంటే మన లెక్కలో 10 మి.వా. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన వీడియోలో మీటరు ఒక యూనిట్‌లో ఉంది, మాట్లాడే ఆయన పరిమితి ఇంకో యూనిట్‌లో చెప్తున్నాడు. పదిరెట్లు తేడా అక్కడే పుట్టింది. ఇంకా చిక్కు, వోల్ట్‌లలో చూపే మీటర్లు. ఒక మీటరు పొడవుకు ఎన్ని వోల్ట్‌లో ఆ అంకెను దానితోనే గుణించి 377తో భాగిస్తే చదరపు మీటరుకు వాట్లు వస్తాయి. 3 వోల్ట్‌లు అంటే 9 ÷ 377, అంటే 24 మి.వా.

దశ 2: చవక మీటరు, దాన్ని ఎందుకు పక్కన పెట్టాను

ఆన్‌లైన్‌లో రెండున్నర వేల లోపు దొరికే మీటరు, పచ్చ, పసుపు, ఎరుపు లైట్లతో. టవర్ వైపు చూపిస్తే ఎరుపు. వంటింట్లో మిక్సీ పక్కన ఎరుపు. చేత్తో గట్టిగా పట్టుకుంటే ఒక అంకె, టేబుల్ మీద పెడితే ఇంకోటి. దాన్ని నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా తిప్పితే రీడింగు మూడోవంతుకు పడిపోయింది. లోపల యాంటెన్నా ఒక్క దిక్కుకే పనిచేస్తుందన్నమాట. అదేమీ పనికిరాని వస్తువు కాదు, సిగ్నల్ ఏ వైపునుంచి వస్తుందో వెతకడానికి వాడుకోవచ్చు. పరిమితితో పోల్చే అంకె మాత్రం దాన్నుంచి రాదు.

దాని బదులు మూడు యాక్సిస్‌ల ప్రోబ్ (మూడు దిక్కుల సిగ్నల్‌నూ పట్టే తల) ఉన్న మీటరు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 50 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్ దాకా. ఎటు తిప్పినా రీడింగు పెద్దగా మారదు, సగటు తీసే బటన్ ఉంది. ఒక లోటు: మన దగ్గర 5జీ వాడే ఒక బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ) 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఈ మీటరు సగంలోనే ఆగిపోతుంది. అందుకే దశ 5 అవసరమైంది.

ఖర్చు: చవక మీటరు 2,400. మూడు యాక్సిస్‌ల మీటరు 11,500. ఇప్పటిదాకా 13,900.

దశ 3: స్టాండు

మనిషి ఒళ్ళు ఈ తరంగాలకు అడ్డు. మీటరు చేత్తో పట్టుకుని టవర్‌కు వీపు పెడితే రీడింగు సగానికి సగం తగ్గింది. ఎదురుగా తిరిగితే ఛాతీమీద పడి వెనక్కి తిరిగే భాగం కూడా కలిసి పెరిగింది. కెమెరా ట్రైపాడ్ వాడదామంటే అల్యూమినియం, అదీ అద్దంలా పనిచేస్తుంది.

1. ముప్పావు అంగుళం పీవీసీ పైపు, టీ జాయింట్లు, అడుగున ఇసుక నింపిన పెయింటు డబ్బా.
2. పైపు మీద 1.1, 1.5, 1.7 మీటర్ల దగ్గర రంధ్రాలు. ప్రోబ్‌ను మూడు ఎత్తుల్లో పెట్టి సగటు తీయాలి.
3. మీటరు ఆన్ చేశాక రెండు మీటర్లు దూరం జరగాలి. తెరను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూద్దామనుకుంటే, ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి.

మూడో అంశంలోని రెండో సగమే అన్నిటికన్నా ముఖ్యం. జేబులో ఫోన్ ఉన్న మనిషి దగ్గరికొస్తే రీడింగు ఎగిరిపోతుంది. మిద్దెమీద చుట్టూ చేరిన పిలకాయల దగ్గర ఫోన్లు లేవనుకున్నా, ఒకడి చేతికి స్మార్ట్‌వాచీ ఉంది. అది బ్లూటూత్ కాబట్టి తక్కువే, అయినా ఆ ఆరు నిమిషాల సగటు కొట్టేసి మళ్ళీ తీశాను.

నీళ్ళ ట్యాంకు, ఇనుప మెట్లు, డిష్ గొడుగుల నుంచి కనీసం రెండు మీటర్లు ఎడంగా పెట్టండి. ఎడం పాటించినా అడుగు అటూ ఇటూ జరిపితే 30, 40 శాతం మారుతుంది. తరంగాలు ఒకదానిమీద ఒకటి పడి కొన్నిచోట్ల కూడుతాయి, కొన్నిచోట్ల కొట్టుకుపోతాయి. కాబట్టి ఒక్క బిందువు కొలత నమ్మొద్దు.

ఖర్చు: పైపులు, జాయింట్లు, డబ్బా 620. ఇప్పటిదాకా 14,520.

దశ 4: ఎక్కడ కొలవాలి

అందరూ టవర్ కిందకు పోయి కొలుస్తారు. అక్కడ ఏమీ ఉండదు. ప్యానెల్ యాంటెన్నా తరంగాలను పలచటి పలకలాగా ముందుకు తోస్తుంది, నిలువున ఆరేడు డిగ్రీల మందం మాత్రమే. 30 మీటర్ల టవర్‌కు ఆరు డిగ్రీల వంపు పెడితే ఆ పలక మధ్యభాగం నేలను తాకేది సుమారు 285 మీటర్ల అవతల. అంటే కొలవాల్సింది టవర్ పాదం దగ్గర కాదు. యాంటెన్నా ముఖం ఎటు చూస్తుందో ఆ వైపు, దాని ఎత్తుకు దగ్గరగా ఉన్న మిద్దెమీద.

ఆరు నిమిషాల సగటులు, సాయంత్రం పూట:

టవర్ మిద్దె గేటు దగ్గర: 0.6 మి.వా.
టవర్ మిద్దెలోనే మూడో అంతస్తు హాలు: 0.4
వీధి చివర, 150 మీటర్లు: 2.1
మా మిద్దెమీద, యాంటెన్నాకు ఎదురుగా: 24
మా మూడో అంతస్తు హాలు, కిటికీ తెరిచి: 5.8
అదే ఫ్లాటు, లోపలి పడకగది: 0.35

టవర్ పెట్టిన మిద్దెలో ఉండేవాళ్ళు భయంతో అద్దె తగ్గించమని అడుగుతున్నారు. వాళ్ళ హాలు కంటే మా మిద్దెమీద అరవై రెట్లు ఎక్కువ. అది చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. మీటరు తీసుకెళ్ళి చూపించాల్సి వచ్చింది.

లెక్క సరిగా ఉందో లేదో కాగితంమీద సరిచూసుకోవచ్చు. యాంటెన్నాకు 20 వాట్లు ఇస్తే, అది ఒకే దిక్కుకు తోయడం వల్ల ఎదురుగా 50 రెట్లు, అంటే 1000 వాట్లు ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని 12.57తోనూ, దూరాన్ని దూరంతో గుణించిన అంకెతోనూ భాగించాలి. 45 మీటర్లకు 39 మి.వా. వస్తుంది. ఇది ఒక్క క్యారియర్ (యాంటెన్నా పంపే ఒక సిగ్నల్) నిండు లోడుతో, పలక నడిమధ్యన నిలబడితే. నాకు అన్నీ కలిపి 24 వచ్చింది. ఆ ఎత్తులో, ఆ లోడులో నమ్మదగ్గ అంకె.

ఊళ్ళో మిగతాచోట్ల తొందరగా తీసినవి: పొగతోటలో ఆసుపత్రుల మధ్య రోడ్డుమీద 11, ఆత్మకూరు బస్టాండు దగ్గర 7, మైపాడు బీచ్ రోడ్డులో 0.2. పొగతోట మిద్దెల మీదకు ఎక్కడానికి అనుమతి దొరకలేదు. దొరికితే మా మిద్దెను దాటే అంకె అక్కడ వస్తుందని నా అనుమానం.

దశ 5: ఏ బ్యాండు వాటా ఎంత

24 మి.వా. అన్నంత మాత్రాన పని కాదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి పరిమితి వేరు కాబట్టి బ్యాండులవారీగా విడదీసి, ఒక్కోదాన్ని దాని పరిమితితో భాగించి, ఆ శాతాలను కూడాలి.

మొదట స్నేహితుడి దగ్గరున్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) వాడి చూశాను. అది 1766 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. 1800, 2100, 2300, 3500 బ్యాండులేవీ దానికి కనపడవు. పక్కన పెట్టి టైనీఎస్ఏ అల్ట్రా అనే స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గీసి చూపే పరికరం) కొన్నాను. 5 గిగాహెర్ట్జ్ దాటి చూస్తుంది. దానికి 850 నుంచి మొదలయ్యే పీసీబీ లాగ్ పీరియాడిక్ యాంటెన్నా (చాలా బ్యాండులు పట్టే పలక యాంటెన్నా).

ఇక్కడ ఎదురైన తలనొప్పులు వరుసగా:

1. మార్కర్ (తెరమీద ఒక్క బిందువు విలువ చూపే గుర్తు) అంకె అబద్ధం. 4జీ సిగ్నల్ ఒక సూదిలా ఉండదు, 10, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున గట్టులా ఉంటుంది. అనలైజర్ ఒక్కసారి 200 కిలోహెర్ట్జ్ ముక్కనే చూస్తుంది. 20 మెగాహెర్ట్జ్ గట్టుమీద మార్కర్ పెడితే అసలు పవర్లో నూరోవంతు చూపిస్తుంది, 20 డీబీ తక్కువ (డీబీ అంటే రెట్లు చెప్పే కొలత: 10 డీబీ పదిరెట్లు, 20 వందరెట్లు). గట్టు మొత్తాన్నీ కూడి చూపే ఛానెల్ పవర్ ఆప్షన్ వాడాలి.

2. లేని సిగ్నళ్ళు. మిద్దెమీద సిగ్నల్ బలంగా ఉండి అనలైజర్ ముందుభాగం ఉక్కిరిబిక్కిరైంది. ఏ కంపెనీకీ లేని చోట్ల గట్లు కనిపించాయి. 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క) బిగించండి. నిజమైన సిగ్నల్ 10 డీబీ పడుతుంది. దొంగ సిగ్నల్ 20 లేదా 30 పడుతుంది. పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

3. కేబుల్ తిండి. మీటరు పొడవున్న సన్నటి కేబుల్ 1840 మెగాహెర్ట్జ్ దగ్గర 1.6 డీబీ తింటుంది. ఒక కేబుల్‌తో ఒకసారి, రెండు కలిపి ఒకసారి చూసి తేడా తీసుకుంటే తెలిసిపోతుంది. 3500 దగ్గర ఇంకా ఎక్కువ. ప్రతి బ్యాండుకూ విడిగా రాసుకోండి.

4. వాలు. టవర్ యాంటెన్నాలు నిటారుగా కాకుండా అటు 45, ఇటు 45 డిగ్రీల వాలుతో రెండు సిగ్నళ్ళు పంపుతాయి. మన యాంటెన్నాను కూడా రెండు వాలుల్లోనూ పెట్టి రెండు పవర్లనూ కూడాలి. డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డీబీలో చెప్పే పవర్) అంకెలను కూడకూడదు. మిల్లీవాట్లలోకి మార్చాకే కూడిక.

5. 700 బ్యాండు. లాగ్ పీరియాడిక్ దానికి చాలదు. పాత రేడియో టెలిస్కోపిక్ యాంటెన్నాలు రెండు తెచ్చి, ఒక్కోటి 9.1 సెంటీమీటర్లకు లాగి డైపోల్ కట్టాను. దాని గెయిన్ (ఒక దిక్కు సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పోగుచేస్తుందో ఆ అంకె) 1.64 అని తీసుకోవచ్చు.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. 1840 మెగాహెర్ట్జ్, రెండు వాలుల్లో ఛానెల్ పవర్ -16.6, -16.7 డీబీఎం (అటెన్యుయేటర్ 10 డీబీ ముందే కలిపేసి). కేబుల్ 1.6 కలిపితే -15.0, -15.1. మిల్లీవాట్లలో 0.0316, 0.0309. మొత్తం 0.0625. తరంగం పొడవు 300 ÷ 1840, అంటే 0.163 మీటర్లు. దాన్ని దానితోనే గుణించి, యాంటెన్నా గెయిన్ 4తో గుణించి, 12.57తో భాగిస్తే 0.00846 చదరపు మీటర్లు. ఇది యాంటెన్నా నోరు వెడల్పు అనుకోండి. 0.0625 ÷ 0.00846 = 7.4 మి.వా.

మా మిద్దెమీద మొత్తం ఇలా తేలింది (కొలిచింది, పరిమితి, శాతం; పరిమితి వేసింది బ్యాండు పేరులోని అంకెతో కాదు, టవర్ పంపే అసలు ఫ్రీక్వెన్సీతో, 700 బ్యాండుకు 780, 900కు 940 అలా):

700 బ్యాండు: 1.9, 390, 0.49
850: 3.1, 440, 0.70
900: 5.2, 470, 1.11
1800: 7.4, 920, 0.80
2100: 4.0, 1000, 0.40
2300: 2.6, 1000, 0.26
3500: 1.5, 1000, 0.15
మొత్తం: 25.7 మి.వా., పరిమితిలో 3.91 శాతం.

మీటరు 24 అంది, ఇది 25.7 అంటోంది. ఇంత దగ్గరగా కలవడం కొంత అదృష్టం. ఇంట్లో కట్టుకున్న సరంజామాతో 3 డీబీ తేడా, అంటే రెట్టింపు దాకా, వచ్చినా ఆశ్చర్యపోను. రెట్టింపు చేసినా 8 శాతం.

5జీ సంగతి వేరు. పాత యాంటెన్నా వీధి మొత్తానికీ ఒకేలా పంపుతుంది. 3500 బ్యాండు యాంటెన్నా మాత్రం వాడేవాడి వైపు పుంజాన్ని తిప్పుతుంది. స్టాండు పక్కనే ఒక పిల్లవాడి చేత 5జీ ఫోన్‌లో పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టిస్తే 1.5 ఉన్నది 11కు పోయింది, ఆపగానే దిగింది. కాబట్టి ఎవరూ వాడనప్పుడు కొలిచి 5జీ తక్కువ అని తేల్చేయకండి.

ఖర్చు: టైనీఎస్ఏ 14,800. యాంటెన్నా 1,350. కేబుళ్ళు, జాయింటు 780. అటెన్యుయేటర్ 650. ఇప్పటిదాకా 32,100.

దశ 6: రాత్రీ పగలూ

అనలైజర్‌ను ల్యాప్‌టాప్‌కు కట్టి మిద్దెమీద రోజంతా లాగ్ తీయాలని ప్లాన్. నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయింది, ఫైల్ సగంలో తెగింది. మెట్లగది నీడలోకి మార్చి, కేబుల్ పొడిగించి, ఆ పొడుగు కేబుల్ నష్టం మళ్ళీ కొలిచి లెక్కలో కలిపాక పని జరిగింది.

అత్యధికం రాత్రి 9 ప్రాంతంలో, 34 మి.వా. అత్యల్పం తెల్లవారుజామున 3 తర్వాత, 9. ఎవరూ ఫోన్ వాడకపోయినా టవర్ పూర్తిగా మౌనంగా ఉండదు, తన ఉనికి చాటే సిగ్నళ్ళు పంపుతూనే ఉంటుంది. ఆ 9 అదే. రొట్టెల పండగ జనంలో స్వర్ణాల చెరువు దగ్గర కూడా ఒకసారి తీశాను. తాత్కాలిక టవర్ బండికి 60 మీటర్ల దూరంలో 6.5 వచ్చింది. అంత జనం చేతుల్లో అన్ని ఫోన్లు ఉండగా దాంట్లో టవర్ వాటా ఎంతో విడదీయలేం, అందుకే ఆ అంకెను పట్టికలో చేర్చలేదు.

దశ 7: చేతిలో ఉన్న టవర్

మీటరును ఫోన్‌కు ఆనించి "చూడండి, ఎంత వస్తుందో" అనే వీడియోలు బోలెడు. అంత దగ్గర్లో పవర్ డెన్సిటీ అంకెకు అర్థం లేదు. ఫోన్‌కు కొలబద్ద వేరే ఉంది: ఒళ్ళు పీల్చుకునే శక్తి, ఎస్ఏఆర్. మన దేశంలో ఒక గ్రాము కణజాలంమీద సగటున కిలోకు 1.6 వాట్ల పరిమితి. డయల్ ప్యాడ్‌లో *#07# కొడితే చాలా ఫోన్లలో వాటి అంకె కనిపిస్తుంది.

నేను చూసింది ఒకటే: ఒకే ఫోన్ మంచి సిగ్నల్లో, చెడ్డ సిగ్నల్లో ఎంత గట్టిగా అరుస్తుంది. ఫోన్‌కు మీటరు దూరంలో యాంటెన్నా, 1710 నుంచి 1785 మధ్య (ఫోన్ నుంచి టవర్‌కు పోయే బ్యాండు), అదే వీడియో కాల్.

మిద్దెమీద, టవర్ ఎదురుగా: -38 డీబీఎం
కింద సామాన్లగది, తలుపు వేసి: -14 డీబీఎం

24 డీబీ తేడా, అంటే 250 రెట్లు. సిగ్నల్ ఒక గీత ఉన్నచోట ఫోన్ తన గరిష్ఠం 200 మిల్లీవాట్ల దాకా పోతుంది, అదీ చెవి పక్కన. టవర్ దూరం పోయేకొద్దీ వీధిలో అంకె తగ్గుతుంది, చెవి దగ్గర అంకె పెరుగుతుంది. తీసేయించాలన్న వర్గానికి ఇది నచ్చలేదు. తీసేయొద్దన్న వర్గం దీన్ని పట్టుకుని టవర్ ఆరోగ్యానికి మంచిదని ప్రచారం మొదలుపెట్టింది, అదింకో తలనొప్పి.

రెండు చిన్న పరీక్షలు ఇందులోనే:

1. ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్. అంటించకముందు, అంటించాక తేడా 1 డీబీ లోపు. కొనకండి.
2. కిటికీకి దోమల మెష్. నెల్లూరులో మెష్ లేని కిటికీ ఉండదు కాబట్టి ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. నైలాన్ మెష్‌తో 5.8 కాస్తా 5.7. స్టీల్ మెష్‌తో 1.1. బాగుంది అనుకునేలోపు ఆ గదిలో ఫోన్ పంపే పవర్ 6 డీబీ, అంటే నాలుగు రెట్లు పెరిగింది.

దశ 8: రేడియేషన్ కాని గోల

టవర్ పక్కింటి పెద్దమ్మకు రాత్రుళ్ళు నిద్ర లేదు, తలనొప్పి. మీటరు పట్టుకుని వాళ్ళింటికి పోతే, "ఏందబ్బయ్యా, ఆ డబ్బా ఏం చెప్తా ఉండాది?" అంది. డబ్బా 0.5 అంది. అంతలో కరెంటు పోయింది, టవర్ జనరేటర్ మొదలైంది, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

ల్యాబ్ నుంచి సౌండ్ లెవెల్ మీటరు తెచ్చి కొలిస్తే జనరేటర్ పెట్టెకు మీటరు దూరంలో 83 డెసిబెల్స్. ఆమె పడకగది కిటికీ దగ్గర 62. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో రాత్రి పది నుంచి ఆరు దాకా పరిమితి 45. జనరేటర్ పెట్టెకు మీటరు దూరంలో 75 దాటకూడదన్న నిబంధన వేరే ఉంది. కారణం చూస్తే పెట్టె తలుపు వేడికి ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచారు. ఇటుక తీసి తలుపు వేస్తే 76. మా అర్జీలో రేడియేషన్ మాట లేకుండా ఈ మూడు అంకెలు, ఇటుక ఫోటో మాత్రమే పెట్టాం. పెట్టెకు గాలాడే ఫ్యాను మార్చారు, ఇప్పుడు తలుపు మూసే ఉంటోంది. కిటికీ దగ్గర ఇంకా 54 ఉంది, అది పరిమితికి ఎక్కువే.

ఆమె తలనొప్పికి జనరేటరే కారణమని నేను అనను. కొలిచింది శబ్దం, తలనొప్పి కాదు.

దశ 9: అడిగినవాళ్ళకు చెప్పినవి

నా అంకెలు అపార్ట్‌మెంట్‌లో అంటించాక ప్రశ్నలు మొదలయ్యాయి. నా జవాబులు కుదించి:

"పరిమితిలో నాలుగు శాతమంటే భద్రమేనా?" ఈ పరిమితి ఒంటిని వేడెక్కించే ప్రభావం ఆధారంగా కట్టింది. వేడి సంగతిలో భద్రమని ధైర్యంగా చెప్పొచ్చు. పరిమితే ఎక్కువగా ఉందని వాదించేవాళ్ళున్నారు. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ గిరీశ్ కుమార్ 2010లో టెలికాం శాఖకు ఇచ్చిన నివేదిక అలాంటిదే.

"క్యాన్సర్ అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిందిగా?" దాని క్యాన్సర్ సంస్థ ఐఏఆర్‌సీ 2011 మే నెలలో ఈ తరంగాలను 2బీ జాబితాలో పెట్టింది. కారకం కావచ్చు, ఆధారం పరిమితం అని దానర్థం. అందుకు ముఖ్య ఆధారం టవర్లు కాదు, చెవి దగ్గర పెట్టుకునే ఫోన్ల మీద అధ్యయనాలు. తూర్పు ఆసియావాళ్ళు ఊరబెట్టే కూరగాయలు కూడా 2బీలోనే ఉన్నాయి. మన ఆవకాయ కాదు, కంగారుపడొద్దు.

"తర్వాత ఏమైంది?" 2018లో అమెరికా ప్రభుత్వ విషపరీక్షల కార్యక్రమం ఎన్‌టీపీ ప్రయోగంలో రోజుకు తొమ్మిది గంటలు, ఒళ్ళంతా గట్టి మోతాదు పట్టించిన మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ కోసం చేసిన సమీక్ష మనుషులమీద జరిగిన 63 అధ్యయనాలను చూసి, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనపడలేదంది. రెండూ చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెప్పేవాళ్ళ దగ్గర మీటరు కొనకండి.

"టవర్ పెట్టాక నాకు ఒంట్లో బాగోలేదు." ఈమాట అన్నవాళ్ళను వెక్కిరించొద్దు. బాధ నిజం. కానీ సిగ్నల్ ఉందో లేదో చెప్పకుండా చేసిన ప్రయోగాల్లో, మాకు తెలిసిపోతుంది అన్నవాళ్ళు కూడా గాలివాటంగా చెప్పినదానికంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. డాక్టరు దగ్గరికి పంపండి, మీటరు దగ్గరికి కాదు.

"కోర్టుకు పోదామా?" 2017లో గ్వాలియర్‌లో ఒక టవర్‌ను ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 5జీ మీద 2021లో ఢిల్లీ హైకోర్టుకు పోయిన నటి జూహీ చావ్లా కేసును కొట్టేసి 20 లక్షల జరిమానా వేశారు, తర్వాత రెండు లక్షలకు తగ్గించారు. ఏ దారిలో పోయినా చేతిలో కొలత ఉండాలి.

దశ 10: సర్కారు మీటరుతో సరిచూపు

2017లో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్లు మ్యాపులో చూడొచ్చు. 4,000 రూపాయలు కట్టి మన చోట కొలవమని అడగొచ్చు కూడా. ఎనిమిది ఫ్లాట్లు కలిసి కట్టాం, నా వాటా 500. టెలికాం శాఖ బృందం వచ్చినప్పుడు మా మిద్దెమీద వాళ్ళ స్టాండు పక్కన మూడు మీటర్ల ఎడంలో నా స్టాండు పెట్టనిచ్చారు. వాళ్ళ ప్రోబ్ సగటు 19 మి.వా. అదే ఆరు నిమిషాల్లో నాది 24. తేడా 1 డీబీ, నాది కాస్త ఎక్కువ చూపిస్తోంది. వాళ్ళ నివేదిక కాపీ లిఫ్టు పక్కన అంటించాం. మీటింగులో వర్గాలు ఇప్పటికీ రెండే, కాకపోతే తీసేయించాలన్న వర్గం ఇప్పుడు జనరేటర్ గురించి మాట్లాడుతోంది.

మొత్తం ఖర్చు: 32,600. మళ్ళీ చేస్తే చవక మీటరు మానేస్తాను, 30,200తో అయిపోతుంది. టవర్ ఎదురుగా ఉన్న మిద్దెమీద ఒక్క మొత్తం అంకె చాలనుకుంటే మూడు యాక్సిస్‌ల మీటరు, పీవీసీ స్టాండు కలిపి 12,120. అనలైజర్ లేకపోయినా పర్లేదు, వచ్చిన అంకెను అన్నిటికన్నా గట్టి పరిమితితో, అంటే 700 బ్యాండు 390తో పోల్చండి. దాంట్లో సగం దాటితేనే బ్యాండులవారీగా విడదీయాల్సిన అవసరం వస్తుంది.

మిగిలిన పని: 3500 బ్యాండులో నా యాంటెన్నా గెయిన్ అమ్మినవాడు ఇచ్చిన కాగితం అంకె, నేను సరిచూసింది కాదు. ఒకేలాంటి యాంటెన్నాలు రెండు ఎదురెదురుగా పెట్టి కొలిస్తే తేలుతుంది. రెండోది 1,350. అది వచ్చాక పట్టికలో ఆఖరి గీత మారవచ్చు.